ఏమి తీసిరో చెప్పని కాగితము

మాఘమాసమున వీరమ్మతల్లి తిరునాళ్ళు సాగు దినములును, చెరకు ట్రాక్టర్లు ఉయ్యూరు చక్కెర కర్మాగారము దారిని బారులు తీరు దినములును ఒక్కమారు వచ్చిపడినప్పుడు, మా వీథి చివరి యింటి అరుగుమీద శనివారము సాయంకాలము జరుగు కూలి బట్వాడాను చూచినవారెవరును ఆ యింటి యిల్లాలి జ్ఞాపకశక్తికి ముక్కుమీద వ్రేలు వేసికొనకుండ వెళ్ళెడివారు కారు. ఆమె నాకు వరుసకు వదిన. ఆడకూలీల ముఠాకు మేస్త్రి. బడికి పోయినది రెండవ తరగతి వఱకే యైనను, పదునెనిమిదిమంది స్త్రీలలో ఎవరు ఎన్ని దినములు వచ్చిరో, ఎవరు బిడ్డకు జ్వరమని సగము పూటకే వెళ్ళిపోయిరో, ఎవరు తిరునాళ్ళలో గాజులకని ముందుగా ఎంత పుచ్చుకొనిరో, ఎవరి బాకీలో ఎవరిది చెల్లుపెట్టవలెనో సమస్తమును నోటిలెక్కగానే చెప్పి, నోట్లు లెక్కించి చేతిలో పెట్టెడిది. ఇరువది యేండ్లలో ఆమె లెక్క తప్పినదని ఒక్కరును తగవునకు రాలేదు.

ఇప్పుడామెకు ఏబదియొకటవ యేడు. గడచిన రెండు మూడేండ్లుగా ఆమె ఒక్కొక్కరి లెక్కను రెండుమార్లు మొదలు పెట్టుచున్నది, నడుమ ఆగిపోయి, కొంగు కొనను వ్రేలికి చుట్టుకొనుచు, “ఆగండే, ఎందాకా చెప్పాను?” అని ఎదుటివారినే అడుగుచున్నది. పొయ్యిమీద పాలు పెట్టి మఱచుట ఎవరికైనను జరుగునదే గాని, చేతిలోనున్న లెక్క చేతిలో నుండగనే జారిపోవుట ఆమెకు కొత్త. మొన్న నొకనాటి సాయంత్రము, రేషను కార్డును పొలము పాసుపుస్తకమును దాచుకొను ప్లాస్టిక్ కవరులోనుండి ఒక పాత ఫైలు తీసి నా యెదుట పెట్టి, “వదినా, నాకు ఆపరేషనయ్యి ఇరవై మూడేళ్ళయింది. ఇందులో ఏమేం తీశారో రాసుంటారుగా, కాస్త చూసి చెప్పు” అని అడిగినది. ముప్పది యేండ్లు ఉన్నతపాఠశాలలో జీవశాస్త్రము చెప్పినదానను గనుక నాకు తెలియునని ఆమె విశ్వాసము.

నాకు తెలియలేదు. ఇంగ్లీషులో ఎనిమిదో తొమ్మిదో పంక్తులు, సిరా వెలిసిపోయినది, గర్భసంచి తీసినట్లు స్పష్టముగా నున్నది, అండాశయములను ఉంచిరో తీసిరో యను మాట యెచ్చటను లేదు. ఇరువదిరెండవ యేట పిల్లలు పుట్టకుండ ఆపరేషను, ఇరువదియెనిమిదవ యేట గర్భసంచి తీయుట. తెల్లబట్ట అగుచున్నది, నడుము లాగుచున్నది అని చెప్పుకొనుటకు ఆమె ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోగా, “సంచి పాడైపోయిందమ్మా, ఉంచితే క్యాన్సరవుద్ది” అన్నారట. ఆ మాట విన్న ఆడది ఇంకేమి అడుగును? చిన్నబిడ్డలిద్దఱును కన్నులయెదుట మెదలిరి. అప్పు చేసి ఆపరేషను చేయించుకొన్నది.

ఒక్క మనిషి మఱపునకు ఇదియే కారణమని వ్రేలు పెట్టి చూపుట శాస్త్రము కాదు. ఆమెకు చక్కెరవ్యాధి కలదు. మగనికి పక్షవాతము వచ్చిన నాటినుండి కంటినిండ నిద్ర లేదు. అయినను ఆమె అడిగిన ప్రశ్న సరియైన ప్రశ్న యనియు, అది ఆమె యొక్కతెది కాదనియు, దానికి జవాబు కాగితముమీద లేకుండుట మన రాష్ట్రమున లక్షలాది స్త్రీలకు జరిగిన అన్యాయమనియు నా దృఢవిశ్వాసము. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 యేండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశమున 8.9 మంది. 2019–21 సర్వేలో దేశమున 3.3, ఆంధ్రప్రదేశమున 8.7, తెలంగాణమున 8.2. పదునైదేండ్ల బాలికను మొదలుకొని లెక్కించినప్పుడే ఇంత యున్నదనగా, నలువదులలో నున్నవారి సంగతి వేఱుగా చెప్పనక్కఱలేదు. మన ఊళ్ళలో నాట్లకును కలుపునకును వంగిన ఏ వరుసలోనైనను “నాకూ తీసేశారు” అను స్త్రీ యొకతె తప్పక యుండును.

గర్భసంచికిని జ్ఞాపకమునకును సంబంధమేమని అడుగువారికి మన కాలువల యుపమానమే చాలును. ప్రకాశము బ్యారేజి దగ్గఱ తలుపు లెత్తినప్పుడు అచ్చట నిలిచిన మనిషికి కనబడునది నీరు మాత్రమే. ఆ నీరు పుల్లేరు వెంట దిగివచ్చి, ఎచ్చటనో ఒక చివరి బోదె దగ్గఱ ఎవరి మడిలో దుబ్బు కట్టించునో వానికి తెలియదు. 1905లో స్టార్లింగు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ‘హార్మోను’ అను పేరు పెట్టిన పదార్థముల తీరు ఇట్టిదే: ఒక గ్రంథియందు పుట్టి, నెత్తురుతో ప్రయాణించి, దూరముననున్న మఱియొక యవయవమునకు ఆజ్ఞ యందించును. అండాశయమునుండి వెలువడు ఈస్ట్రోజను గర్భాశయముతోడను స్తనములతోడను పని ముగించుకొనునని చిరకాలము అనుకొనిరి. మెదడు గూడ ఆ నీటి పారుదలలోని మడియే యని తెలియుటకు చాలకాలము పట్టినది. 1968లో న్యూయార్కులోని రాక్ఫెల్లరు విశ్వవిద్యాలయమున బ్రూస్ మెకీవెన్ అను నాయన, ఎలుక నెత్తురులోనికి ఎక్కించిన ఒత్తిడి హార్మోను పోయి పోయి మెదడులో హిప్పోకాంపస్ అను చిన్న భాగమున గుమిగూడుటను చూపెను. క్రొత్తగా నేర్చినదానిని నిలుపుకొనుటకు ఆధారమైన చోటది. ఆయన ప్రయోగశాలయందే 1990లో కాథరిన్ వూలీ, ఎలిజబెత్ గౌల్డు అను విదుషీమణులు ఆడయెలుకల హిప్పోకాంపస్‌లోని నాడీకణముల కొమ్మలను సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఆ కొమ్మలమీద ముండ్లవలె మొలచిన బుడిపెలను, అనగా ఒక కణము మఱియొక కణముతో మాటాడుకొను గుమ్మములను, ఓపికతో లెక్కించిరి. ఎలుక ఋతుచక్రము నాలుగైదు దినములది. ఆ చక్రములో ఈస్ట్రోజను ఉచ్చస్థాయి యందుండగా నిండుగా మొలచియున్న బుడిపెలు, హార్మోను తగ్గిన ఒక్కదినములోనే సుమారు 30 శాతము రాలిపోవుటయు, మఱల నాలుగైదు దినములలో చిగుర్చుటయు వారు కనుగొనిరి. ఎదిగిన ప్రాణి మెదడు గట్టిపడిన కట్టడము కాదనియు, కాలువ నీటికి తడియుచు ఆరుచు నుండు మడివంటిదనియు అంత స్పష్టముగా అంతకుముందెవరును చూపలేదు.

వృద్ధాప్యమున ఆ కాలువ కట్టుబడినప్పుడేమగును? దీనిని నేను చదివినవానిలో నా మనస్సున నాటుకొనిపోయినది వృద్ధ వానరముల వృత్తాంతము. అమెరికాలో పీటర్ ర్యాప్, జాన్ మారిసన్ మొదలగువారు 2003లో ప్రకటించిన ప్రయోగమది. ముదిమి పైబడిన ఆడ రీసస్ కోతుల అండాశయములను తీసి, వానిలో కొన్నింటికి మూడువారములకొక పర్యాయము ఈస్ట్రోజను సూదిమందుగా నిచ్చిరి, కొన్నింటికి ఈయలేదు. పరీక్ష మిక్కిలి సామాన్యము. కోతి యెదుట రెండు గుంటలు, అది చూచుచుండగనే ఒకదానిలో తినుబండారము పెట్టి మూతవేయుదురు, తెర దించుదురు, కొంతసేపు గడచును, తెర యెత్తగనే కోతి చేయి చాపవలెను. వయసులోనున్న కోతికిది ఆట. ముసలికోతికి, అందును హార్మోను లేని దానికి, తెర వెనుక గడచు ఆ కొద్దిక్షణములే అగాధము. కంటితో చూచినదానిని కన్ను మూసి తెఱచునంతలో పోగొట్టుకొని, ఏదో యొక గుంటవైపు చేయి చాపును. సూదిమందు పొందిన ముసలికోతులు మాత్రము ఆ మఱపును చాలవఱకు గెలిచినవి. ఆ ప్రయోగము చదువునప్పుడు “ఎందాకా చెప్పాను?” అను మా వదిన మాట నాకు చెవిలో వినబడినది. దించిన తెర యిచ్చట అరుగుమీదనే కలదు.

ఇంతమాత్రముచేత ఈస్ట్రోజను బిళ్ళలు మ్రింగిన ముదిమి తొలగునని యెవరైనను తలంచిన యెడల పొరపాటు పడుదురు. అదే 2003వ సంవత్సరమున అమెరికాలో 65 యేండ్లు దాటిన 4,532 మంది స్త్రీలమీద జరిగిన మహాపరిశోధనలో, ఈస్ట్రోజనును ప్రొజెస్టినును కలిపి వాడినవారికి మతిమఱపు వ్యాధి వాడనివారికంటె రెండింతలుగా వచ్చినది. కోతులకు మేలు చేసినది వృద్ధస్త్రీలకు కీడు చేయుట యెట్లు? దీనికి సూచన అంతకుముందే 2000లో రాబర్ట్ గిబ్స్ ఎలుకలలో చూపియుండెను. అండాశయములు తీసిన వెంటనే గాని, మూడుమాసములలోగా గాని హార్మోను నిచ్చిన ఎలుకలు ముసలితనమున త్రోవ చక్కగా నేర్చుకొన్నవి. పదిమాసములు ఆగి యిచ్చినవానికి ఆ ప్రయోజనము కలుగలేదు. నారు పోసిన మడికి నీరందక బీటలు వాఱిన తరువాత కాలువ నిండుగ వచ్చినను చేను లేచునా? అదనులో అందవలెను. ఇరువదియెనిమిదవ యేట హార్మోను ఊట ఎండిన స్త్రీకి ఏబదియొకటవ యేట చేయదగిన చికిత్స చాల స్వల్పము. ఆ యిరువదిమూడేండ్ల నడుమ అదను దాటిపోయినది, దాటిపోవుచున్నదని చెప్పినవారు లేరు.

“అండాశయములు ఉంచితిమి, కావున భయము లేదు” అను సమాధానము వైద్యులనుండి తఱచుగా వినబడును. ఆ మాట సగము నిజము. న్యూజీలండులో 2005లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, గర్భసంచి మాత్రమే తీసి అండాశయములను ఉంచిన స్త్రీలకు గూడ ముట్లుడుగు దశ తక్కినవారికంటె 3.7 యేండ్లు ముందుగా వచ్చినట్లు తేలినది. గర్భాశయమును తీయునప్పుడు అండాశయమునకు పోవు నెత్తురు కొంత తగ్గుట ఇందులకు హేతువని భావింపబడుచున్నది. అంతకంటె ఆశ్చర్యకరమైనది అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమున హీథర్ బిమోంటె నెల్సన్ బృందము 2019లో ప్రకటించిన ప్రయోగము. వారు ఎలుకలను నాలుగు తెగలు చేసిరి: గర్భాశయము తీసినవి, అండాశయములు తీసినవి, రెండును తీసినవి, కోత పెట్టి యేమియు తీయనివి. పిమ్మట వానిని అనేక శాఖలు గల నీటి పద్మవ్యూహమున విడిచిరి. కొన్ని శాఖల చివర నీటి మాటున నిలుచుటకు మెట్టు కలదు. ఒకమారు కనుగొన్న మెట్టును తీసివేయుదురు గనుక, ఎలుక తాను ఏ శాఖలకు పోయివచ్చెనో, ఏవి మిగిలెనో మనస్సున పెట్టుకొనుచు పోవలెను. ముందుకు పోయినకొలది మోయవలసిన జ్ఞాపకభారము పెరుగును. అట్లు భారము పెరిగిన చోట తక్కిన మూడు తెగలకంటె ఎక్కువగా తడబడినవి, గర్భాశయము మాత్రమే తీసిన ఎలుకలు. వాని అండాశయములు పైకి మామూలుగానే యుండెను గాని, నెత్తురులోని హార్మోనుల పాళ్ళు మాఱియుండెను. బిడ్డను మోయని వేళ గర్భాశయము నిద్రాణమని వైద్యగ్రంథములలో వ్రాసికొన్న మాట సరికాదని ఆ చిన్న ప్రాణులు చెప్పుచున్నవి. పదునెనిమిదిమందిలో ఎవరికి ఇచ్చితిని, ఎవరు మిగిలిరి అను శనివారపు బట్వాడాయు అట్టి పద్మవ్యూహమే గదా!

ఎలుక మనిషి కాదను ఆక్షేపణము న్యాయమైనదే. ఆడయెలుకకు మన స్త్రీలకువలె ముట్లుడుగుట సంపూర్ణముగా జరుగదు. దాని ఆయుర్దాయము రెండు మూడేండ్లు. అందుచేతనే మనుష్యుల సాక్ష్యము కూడ చూడవలెను. అమెరికాలో మిన్నెసోటాలోని మేయో క్లినిక్కులో వాల్టర్ రొకా బృందము, 1950 నుండి 1987 వఱకు ముట్లుడుగక మునుపే ఒక అండాశయమునో రెండింటినో తీయించుకొన్న స్త్రీలను వెదకి, వారి వృద్ధాప్యమును విచారించి, 2007లో ఫలితము ప్రకటించెను: వారికి బుద్ధిమాంద్యము గాని మతిమఱపు వ్యాధి గాని కలుగు అవకాశము తక్కినవారికంటె దాదాపు ఒకటిన్నర రెట్లు, ఎంత చిన్నవయస్సున తీసిన అంత హెచ్చు. ఇచ్చట నాకు దుఃఖము కలిగించునది ఒక్కటి కలదు. నలుబది, ఏబదియేండ్ల క్రింద ఆపరేషనైన స్త్రీని ఆ వైద్యాలయము కాగితము చూచి గుర్తింపగలిగినది, ఏ అవయవము తీసిరో చెప్పగలిగినది. ఉయ్యూరులో ఇరువదిమూడేండ్ల నాటి కాగితము ఆ సంగతి చెప్పలేదు.

మన దగ్గఱ ఇది యింతగా ఎందుకు ప్రబలినది? చిన్నవయస్సున వివాహము, ఇరువదియేండ్లు దాటీదాటకముందే సంతాన నిరోధపు ఆపరేషను. ఆపై గర్భసంచి ‘పని అయిపోయిన వస్తువు’ అను భావము. బురదమడిలో తెల్లవాఱినది మొదలు నిలుచు కూలిదానికి నెలనెలా నాలుగు దినముల కష్టము కూలిడబ్బునకు నష్టము. తెల్లబట్టకు మందుబిళ్ళలతో పోవు జబ్బులే యెక్కువ కారణములైనను, ‘క్యాన్సరు’ అను మూడక్షరములు చెవిని పడగానే విచారణ ఆగిపోవును. 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైన తరువాత ఈ ఆపరేషనులు వెల్లువగా పెరుగుటచే, ప్రభుత్వమే ఆ పథకము క్రింద ప్రైవేటు ఆస్పత్రులలో వానిని కట్టడి చేయవలసి వచ్చెను. చెరకుకోతకు వలసపోవు మహారాష్ట్ర బీడ్ జిల్లా స్త్రీల గాథ 2019లో దేశమును నివ్వెఱపఱచినది; విచారించిన 82 వేల పైచిలుకు స్త్రీలలో 13 వేల ఎనిమిది వందలకు పైబడి గర్భసంచి లేనివారే. చెరకు పండించు ఉయ్యూరువారము మనము ఆ వార్తను పరాయి వార్తగా చదివితిమి. 2023 ఏప్రిల్ 5న సుప్రీముకోర్టు, అనవసరముగా గర్భసంచులు తీయుటను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకములను మూడుమాసములలో అమలు పెట్టవలెనని సర్వ రాష్ట్రములను ఆదేశించెను.

నేను వైద్యులను దూషింపబూనలేదు. క్యాన్సరున్నప్పుడు, పెద్ద గడ్డలవలన నెత్తురు కాలువలై పోవునప్పుడు, కాన్పు వేళ ప్రాణము మీదికి వచ్చినప్పుడు గర్భసంచి తీసిన చేయి దేవుని చేయి. అట్లు బ్రదికిన తల్లులు నాకు తెలియుదురు. నేను కోరునది నిర్ణయమునకు ముందు చెప్పవలసినది చెప్పుటయు, తరువాత వ్రాయవలసినది వ్రాయుటయు. నలువదియేండ్లలోపు స్త్రీకి ఈ ఆపరేషను తలపెట్టినప్పుడు, ఎముకలు పెళుసుబాఱుట, గుండెజబ్బు మొదలగువానితో పాటు జ్ఞాపకమునకు కలుగగల హానిని గూర్చి ఆమె భాషలో, ఆమె మగని చెవిలో కాక ఆమె చెవిలో, చెప్పితీరవలెను. అండాశయములు తీయవలసివచ్చిన యెడల సహజముగా ముట్లుడుగు వయస్సు వఱకు హార్మోను వాడుటకు తగునా తగదా యని వైద్యుడు ఆ దినముననే విచారింపవలెను. పదియేండ్ల తరువాత కాదు. ఇంటికి పంపు కాగితమున తెలుగులో, అచ్చక్షరములలో, ఈ పంక్తి యుండవలెను: గర్భసంచి తీసితిమి, కుడి అండాశయము ఉంచితిమి లేక తీసితిమి, ఎడమ అండాశయము ఉంచితిమి లేక తీసితిమి. ఒక్క పంక్తి. దీనికి యంత్రములక్కఱలేదు, నిధులక్కఱలేదు.

పరిశోధన మన గడ్డమీద జరుగవలెనని కోరుట కూడ అత్యాశ కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున కల్లూరి సుబ్బారావుగారు ముసలియెలుకల మెదడు కణములలో డి.ఎన్.ఏ.కు కలిగిన దెబ్బలు మఱమ్మతు కాకుండుటను గూర్చి దశాబ్దములు శ్రమించి, వార్ధక్యమును మెదడును గూర్చిన అధ్యయనమునకు అచ్చట ఒక కేంద్రమునే నెలకొల్పిరి. అట్టి పరంపర యున్న తెలుగునాట, దేశములోనెల్ల అధికముగా గర్భసంచి కోల్పోయిన స్త్రీలు ఇప్పుడు ఏబదులలోనికి, అఱువదులలోనికి అడుగు పెట్టుచున్నారు. 2023లో ప్రకటితమైన జాతీయ పరిశీలన ప్రకారము భారతదేశమున అఱువదియేండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా 88 లక్షలమందికి, మతిమఱపు వ్యాధి కలదు. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను, చదువుకొన్నవారికంటె చదువు లేనివారిలోను హెచ్చు. చదువు లేని పల్లెటూరి స్త్రీ మూడువిధముల ఎదురుగాలిలో నడచుచున్నది. ఆమెకు గర్భసంచి గూడ లేనిచో ఆ గాలి యెంత బలముగా వీచునో కొలిచి చెప్పుట మన విశ్వవిద్యాలయముల పని, మన వైద్యకళాశాలల పని. మిన్నెసోటా స్త్రీల లెక్కలతో కృష్ణాడెల్టా స్త్రీల ముదిమిని ఎంతకాలము అంచనా వేయుదుము?

ఇదివఱకే ఆపరేషనైన అక్కచెల్లెండ్రు దీనిని చదివి బెంగటిల్లవలదు. ప్రమాదము హెచ్చుట యనగా వ్యాధి తప్పదనుట కాదు. రక్తపుపోటును చక్కెరను అదుపులో నుంచుకొనుట, థైరాయిడును బి12ను ఒకమారు పరీక్ష చేయించుకొనుట, చెవి మందగించిన యంత్రము పెట్టుకొనుట, దినమునకు అరగంట నడచుట, ఇవి మతికి నిజముగా మేలు చేయునవి. నిద్రను గూర్చియు ఒక మాట: నిద్ర కరవైనచో ఒత్తిడి హార్మోను హెచ్చును; మెకీవెన్ ఎలుక మెదడులో చూచిన ఆ హార్మోను దీర్ఘకాలము హెచ్చుగా నున్నచో హిప్పోకాంపస్ క్షీణించునని 1978 నాటినుండి ఫిలిప్ ల్యాండ్‌ఫీల్డు మొదలగువారు ముసలియెలుకలలో చూపుచునే యున్నారు. మంచమున పడిన మగనికి రాత్రి మూడుసార్లు లేచు ఇల్లాలికి కొడుకో కోడలో వారమునకు రెండు రాత్రులు సెలవిచ్చిన, అది ఆమె మెదడునకు చేసిన వైద్యమే.

మా వదినను విజయవాడ తీసికొనిపోయి స్కానింగు చేయించితిని. తెరమీద నల్లని తెల్లని నీడలను అటునిటు కదలించి చూచిన డాక్టరమ్మ, అండాశయములు కనబడుటలేదని చెప్పి, ఈ వయస్సునకు ముడుచుకొనిపోయి కనబడకపోవచ్చును, ఆనాడే తీసివేసియు నుండవచ్చును, ఏదియు ఇప్పుడు రూఢిగా చెప్పలేననెను. మా వదిన బల్లమీదినుండి దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకొని, ఆ కొత్త కాగితమును పాత ఫైలులో పెట్టి, “అయితే తీసినోళ్ళకి తప్ప ఎవరికీ తెలీదన్నమాట” అన్నది. తిరుగుబస్సులో ఉయ్యూరు వచ్చువఱకు కవరును ఒడిలోనే పట్టుకొని కూర్చున్నది. ఈ శనివారమునుండి బట్వాడాకు ఆమె ప్రక్కన ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలు నోటుపుస్తకముతో కూర్చుండి, ఇచ్చినవారి పేరునకెదురుగా టిక్కు పెట్టుచున్నది.